రాజమార్గం మీద కోట

మాదబా దాటాక రోడ్డు సన్నబడింది. నవంబరు నెల. రెండు పక్కలా ఆలివ్ కాపు దింపుతున్నారు. చెట్ల కింద పరదాలు పరిచి, కొమ్మల్ని చేతులతో దువ్వుతుంటే కాయలు టపటపా రాలుతున్నాయి. ముసలమ్మలు పరదా అంచున కూర్చుని ఆకులు ఏరేస్తున్నారు. ధీబాన్ అనే చిన్న ఊరు వచ్చింది, పోయింది. ఆ తరువాత ఉన్నట్టుండి ముందు నేల కనిపించలేదు. డ్రైవరు కారు పక్కకు తీసి, దిగి చూడమని చెయ్యి చూపించాడు. కింద ముజిబ్ లోయ. అడుగున ఆనకట్ట వెనక ఆకుపచ్చటి నీళ్లు, అటు గోడకీ ఇటు గోడకీ మెలికలు తిరుగుతూ దిగి, మళ్లీ ఎక్కే రోడ్డు.

అర్నోను! బైబిల్లో ఆ లోయకున్న పేరు పైకే అనేశాను.

మా నాయనమ్మ రాత్రి భోజనాలయ్యాక బైబిలు పైకి చదివేది. మేదెబా, దీబోను, అర్నోను, మోయాబు. తెనాలి, రేపల్లె ఎక్కడున్నాయో తెలియకముందే నా చెవిన పడ్డ ఊళ్లు ఇవి. ఆమె చదివిన సంఖ్యాకాండంలో ఒక సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. ఐగుప్తు నుంచి వచ్చిన జనం తరఫున మోషే ఎదోము రాజుకు కబురు పెడతాడు: మీ దేశం గుండా దాటిపోనివ్వండి, పొలాల్లోకి దిగం, దారి తప్పం, మేమూ మా పశువులూ తాగిన నీళ్లకు వెల కట్టిస్తాం అని. రాజు ఒప్పుకోడు. సైన్యంతో ఎదురొస్తాడు. వాళ్లు చుట్టూ తిరిగి పోవాల్సి వస్తుంది. వాళ్లు అడిగిన ఆ దారిని తెలుగు బైబిలు రాజమార్గం అంటుంది. నేను నిలబడ్డ రోడ్డుకు ఇవాళ్టికీ అదే పేరు.

గుంటూరు నుంచి వచ్చిన మా చర్చి బృందం నెబో కొండ, యొర్దాను, బేత్లెహేము, యెరూషలేము చూసుకొని అమ్మాన్‌లో విమానం ఎక్కేసింది. నేను రెండు రోజులు ఆగిపోయాను, కరక్ కోట కోసం. కాలేజీ రోజుల్లో చదివిన ఒక గుడారం కథ అందుకు కారణం. 1187 జులైలో, హత్తీన్ యుద్ధం ముగిసిన సాయంత్రం, గెలిచిన ముస్లిం సుల్తాను సలాదీన్ తన గుడారంలో, బందీగా చిక్కిన జెరూసలేం క్రైస్తవ రాజును పక్కన కూర్చోబెట్టుకొని చల్లటి పానీయం ఇచ్చాడు. ఆ రాజు వెంట తెచ్చిన మరో బందీని మాత్రం తన చేత్తో నరికాడు. ఆ బందీ పేరు షాతియోన్ రేనాల్డ్. అతను ఏలిన కోట ఈ రోడ్డు మీదే ఉంది. అంతమందిని విడిచిపెట్టిన మనిషి ఈ ఒక్కణ్ణి స్వయంగా చంపేటంతగా ఏం జరిగిందన్నది ముప్పై ఏళ్లుగా నాలో ఉన్న ప్రశ్న.

"అర్నాత్ ఇల్లు చూడటానికా?" అన్నాడు డ్రైవరు, ఎక్కడికో చెప్పగానే. ఆయనది కరక్ ఊరే. అరబ్బు చరిత్రకారులు రేనాల్డ్‌ను పిలిచే పేరు అర్నాత్. ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా ఆ పేరు ఆయన నోటికి పక్కింటివాడి పేరులా వచ్చింది.

కరక్ దూరం నుంచే కనిపిస్తుంది. కొండ కొమ్ము మీద ఊరు, ఊరికి దక్షిణపు కొసన కోట. మూడు వైపులా జారుడు వాలు. ఊరి వైపు రాతిని తొలిచి లోతైన కందకం చేశారు. రాయిని చూసి కట్టిందెవరో పోల్చుకోవచ్చు. కింది వరసల్లో నల్లగా, ఎర్రగా, మొరటుగా ఉన్న అగ్నిశిల యూరపు నుంచి దండెత్తి వచ్చిన క్రూసేడర్లది. దాని మీద నున్నగా చెక్కిన లేతరంగు సున్నపురాయి తరువాత వచ్చిన మమ్లూకులది. 1142లో పేయెన్ అనే సామంతుడు కోట మొదలుపెట్టాడు. 1263లో మమ్లూకు సుల్తాను బైబర్స్ చేతికి వచ్చాక గోడలు పెరిగాయి, బురుజులు లేచాయి. 2016 డిసెంబరులో సాయుధులు ఈ కోటలోనే దాక్కొని కాల్పులు జరిపారు. పోలీసులు, ఊరివాళ్లు, చూడటానికి వచ్చిన ఒక కెనడా మహిళ, మొత్తం పదిమంది పోయారు. ఆ మాట చెబుతున్నప్పుడు డ్రైవరు గొంతు తగ్గింది. గేటు దగ్గర కాపలా పోలీసుకు ఆగి సలాం చెప్పి, ఆరోగ్యం అడిగి గానీ కదల్లేదు.

లోపల కోట చాలావరకు నేల కిందే ఉంది. పొడవాటి కమాను గదులు ఒకదానిలోంచి ఒకటి. పైకప్పులో చిన్న కంతల గుండా వెలుగు పడుతుంది. గుర్రాల సాల, సిపాయిల గది, రొట్టెల పొయ్యి, ఆలివ్ గానుగ. ఆ గానుగ రాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పొద్దున దారిలో చూసిన కాపు అప్పట్లో ఇక్కడికే వచ్చేది. కోట అనగానే మనకు యుద్ధమే తోస్తుంది కానీ, ఇది నూనె ఆడుకొని, రొట్టె కాల్చుకొని, పన్ను వసూలు చేసుకొని బతికిన చోటు. దాని కింద ఉన్న దారి దానికి తిండి పెట్టింది. ఈజిప్టు నుంచి దమాస్కస్ వెళ్లే బిడారులు క్రూసేడర్ల జెరూసలేం రాజ్యపు నేల దాటక తప్పదు. దమాస్కస్ నుంచి మక్కా వెళ్లే యాత్రికులకు కూడా కోట నీడ తప్పదు. ముస్లిం పాలకులతో సంధి ఉన్నన్నాళ్లూ వర్తకుడు సుంకం కట్టి వెళ్లిపోతాడు, కోటకు ఆదాయం వస్తుంది.

అలాంటి దారికి యజమానిగా రేనాల్డ్ వచ్చాడు.

అతను పుట్టింది సుమారు 1125లో, ఫ్రాన్సులో. చిన్న కొడుకు కాబట్టి ఆస్తి పెద్దగా దక్కలేదు. రెండో క్రూసేడుతో తూర్పుకు వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. 1153లో అంతియొకయ రాజకుమారి, భర్తను యుద్ధంలో పోగొట్టుకున్న కాన్‌స్టాన్స్, రాజులూ చక్రవర్తులూ చూపించిన సంబంధాలన్నీ కాదని ఈ మామూలు యోధుణ్ణి పెళ్లాడింది. ఆనాటి గొప్ప చరిత్రకారుడు, టైరు ఆర్చిబిషప్ విలియం, ఆ పెళ్లికి జనం ఎంత ఆశ్చర్యపోయారో రాశాడు.

అంతియొకయ మాకు చిన్న పేరు కాదు. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులు అన్న ఊరది. ఆ ఊరి మతగురువు, పాట్రియార్క్ ఐమెరీ, వృద్ధుడు. రేనాల్డ్‌కు డబ్బు కావాలి, ఆయన ఇవ్వనన్నాడు. రేనాల్డ్ ఆయన్ని కొట్టించి, తల మీది గాయాలకు తేనె పూయించి, వేసవి ఎండలో కోట పైన కూర్చోబెట్టాడు. ఈగలు, పురుగులు ముసురుకున్నాయి. ఆయన డబ్బు ఇచ్చాడు, ఊరొదిలి జెరూసలేం వెళ్లిపోయాడు. ఆ డబ్బుతో రేనాల్డ్ 1156 ప్రాంతంలో సైప్రస్ ద్వీపం మీద పడ్డాడు. సైప్రస్ క్రైస్తవుల దేశం, పైగా బైజాంటియం చక్రవర్తి మాన్యుయేల్ ఏలుబడిలోనిది. చక్రవర్తి తనకు బాకీ పడ్డాడన్నది రేనాల్డ్ కారణం. పొలాలు తగలబెట్టారు, గుళ్లు, మఠాలు దోచుకున్నారు, మనుషుల్ని పట్టుకొని డబ్బులకు విడిచారు. రెండేళ్ల తరువాత చక్రవర్తి పెద్ద సైన్యంతో వచ్చాడు. అప్పుడు రేనాల్డ్ చెప్పుల్లేకుండా, మెడకు తాడు కట్టుకొని, కత్తిని మొనవైపు పట్టుకొని పిడిని చక్రవర్తికి అందిస్తూ అందరి ముందూ నేల మీద పడ్డాడు.

అతని కథ చదివేటప్పుడు ఈ మొదటి భాగాన్ని చాలామంది తొందరగా దాటేస్తారు. అతన్ని ఇస్లాం మీద పోరాడిన వీరుడిగా చూసేవారికి ఇది అడ్డం. ముస్లింల శత్రువుగా చూసేవారికి దీనితో పనిలేదు. నాకు మాత్రం ఇదే ముఖ్యం అనిపించింది. 1160-61 ప్రాంతంలో పశువుల్ని తోలుకురావడానికి ఎత్తైన మేత భూముల మీదికి పోయి అతను పట్టుబడ్డాడు. ఆ మందల కాపరుల్లో ఎక్కువమంది సిరియా, ఆర్మేనియా క్రైస్తవులేనని విలియం రాశాడు. తన మతం వాళ్లనూ పరాయి మతం వాళ్లనూ అతను దోచుకోవడంలో తేడా చూపించలేదు.

ఆ పశువుల దోపిడి ఖరీదు అలెప్పో చెరలో సుమారు 15 ఏళ్లు. అన్నేళ్లూ విడిపించడానికి ఎవరూ ముందుకు రాలేదు. భార్య చనిపోయింది. రాజ్యం ఆమె మొదటి భర్త కొడుక్కి వెళ్లింది. రేనాల్డ్‌కు ఆమె వల్ల పుట్టిన కూతురు ఆగ్నెస్ ఎక్కడో హంగేరీకి రాణి అయింది. లోపలికి వెళ్లేటప్పుడు ముప్పై అయిదు దాటిన మనిషి, 1176లో బయటికొచ్చేటప్పటికి యాభై ఏళ్లవాడు. విడుదల వెల 1,20,000 బంగారు దీనార్లు. కరక్ నేలమాళిగలో, సెల్‌ఫోను వెలుగు ఆర్పేసి చీకట్లో కొంతసేపు నిలబడి ఆ పదిహేనేళ్లను ఊహించుకోవడానికి ప్రయత్నించాను. ఆ చెర తలుచుకుంటే నాకు జాలి కలిగింది. ఆ జాలి అతను తరువాత చేసినవాటిని తక్కువ చేయలేదు.

విడుదలయ్యాక మళ్లీ పెళ్లి. ఈసారి స్టెఫనీ, అప్పటికే ఇద్దరు భర్తల్ని పోగొట్టుకున్న ఈ ప్రాంతపు వారసురాలు. కట్నంలా కరక్, దక్షిణాన షోబక్ కోట, మధ్యలో దారి వచ్చాయి. హెబ్రోను పాలన కూడా దక్కింది. 1177లో మోంగిసార్ దగ్గర సలాదీన్‌ను జెరూసలేం సేన ఓడించినప్పుడు ముందు నిలిచినవాళ్లలో ఇతనూ ఒకడు. ధైర్యం లేదని అతన్ని ఎవరూ అనలేదు.

కోట పడమటి గోడ మీద గాలి తోసేస్తోంది. పొగమంచు లేదు. కింద మృతసముద్రం వెండిరేకులా, దాని అవతల యూదయ కొండలు. గీత గీస్తే జెరూసలేం ఇక్కడికి సుమారు 80 కిలోమీటర్లు. రాత్రిపూట మంటలు వేసి ఒక కోట ఇంకో కోటకు కబురు చెప్పుకునేవి. ఈ గోడ మీద నిలబడితే రేనాల్డ్ పక్షాన మాట్లాడే చరిత్రకారుల వాదన అర్థమవుతుంది. సలాదీన్ చేతిలో ఈజిప్టు ఉంది, దమాస్కస్ ఉంది. ఆ రెంటినీ కలిపే దారం ఈ రోడ్డు. దీన్ని తెంపితే జెరూసలేం బతుకుతుంది, వదిలేస్తే రెండు దవడల మధ్య నలిగిపోతుంది. 1978లో బెర్నార్డ్ హామిల్టన్ అనే ఇంగ్లీషు పండితుడు ఈ కోణంలోనే రేనాల్డ్‌ను సమర్థిస్తూ రాశాడు. అంతవరకూ పుస్తకాల్లో అతను దొంగల నాయకుడే. హామిల్టన్ మాటలో బలముంది. పటం చూసినా తెలుస్తుంది, గోడ ఎక్కితే మరీ తెలుస్తుంది.

కానీ ఆ దారం మీద మనుషులు నడిచేవారు.

1181లో, సంధి నడుస్తుండగా, రేనాల్డ్ అరేబియాలోని తైమా వైపు ఎడారిలోకి దిగాడు. బిడారును కొల్లగొట్టాడు. నష్టం తీర్చమని సలాదీన్ అడిగాడు, జెరూసలేం రాజు చెప్పాడు, రేనాల్డ్ వినలేదు. ఆ సమయంలోనే ఈజిప్టు తీరంలో డమియెట్టా దగ్గర క్రైస్తవ యాత్రికుల ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులో 1,500 మంది ఉన్నారని విలియం లెక్క. సలాదీన్ వాళ్లందర్నీ బంధించాడు. అడ్రియాటిక్ తీరాలనుంచో ఇటలీ నుంచో, జీవితంలో ఒక్కసారి యెరూషలేము చూడాలని ఇల్లు వదిలినవాళ్లు. మా బృందంలో అప్పు చేసి వచ్చినవాళ్లున్నారు. గెత్సేమనే తోటలో ఒలీవ చెట్టును తాకి ఏడ్చిన ఒక పెద్దావిడ నాకు ఆ 1,500లో కనిపించింది. ఆ పని సలాదీన్ చేసినా అన్యాయమే.

మరుసటి ఏడాది చలికాలంలో జరిగింది మరీ పెద్దది. రేనాల్డ్ మనుషులు ఓడల్ని విడి భాగాలుగా చేయించి, ఒంటెల మీద ఎడారి దాటించి, అకాబా అఖాతం ఒడ్డున బిగించారు. అప్పటిదాకా ఎర్ర సముద్రంలో క్రూసేడరు నౌకాదళం దిగలేదు. కొన్ని అకాబా దగ్గరి దీవిని ముట్టడించాయి, మిగిలినవి దక్షిణానికి పోయి అవతలి ఒడ్డున ఐధాబ్ రేవు మీద పడ్డాయి. ఓడలు తగలబెట్టారు, జెద్దా నుంచి వస్తున్న హాజీల ఓడను పట్టుకున్నారు, రేవుకు వస్తున్న ఒక బిడారులో ఒక్కరినీ మిగల్చలేదు. తరువాత అరేబియా ఒడ్డున దిగి మదీనాకు ఒక్క రోజు నడక దూరం దాకా వెళ్లారు. ప్రవక్త సమాధిని తవ్వాలన్నది వాళ్ల ఉద్దేశమని ముస్లిం లోకమంతా వణికింది. సలాదీన్ తమ్ముడు అల్ ఆదిల్ పంపిన నౌకాదళాధిపతి లులు వాళ్లను వెంటాడి పట్టాడు. రేనాల్డ్ మాత్రం ఆ ఓడల్లో లేడు. పట్టుబడ్డవాళ్లలో ఇద్దర్ని మక్కా పక్కన మీనాలో, తక్కినవాళ్లను ఊరూరా తిప్పి చంపారు.

ఆ తిప్పడాన్ని కళ్లారా చూసిన యాత్రికుడు ఒకడున్నాడు. గ్రనాడా నుంచి హజ్‌కు బయల్దేరిన ఇబ్న్ జుబైర్ 1183 వసంతంలో అలెగ్జాండ్రియాలో దిగాడు. ఒంటెల మీద, తోక వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టిన బందీలను, చుట్టూ బాకాలు, డప్పులు మోగుతుండగా చూశాడు. ఆ వేసవిలో అదే ఐధాబ్ రేవుకు ఎడారి దారిన నడిచాడు. ఆ దారి గురించి అతను రాసింది చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. మన దేశం నుంచి యెమెన్ మీదుగా వచ్చిన సరుకు, ముఖ్యంగా మిరియాలు, ఎన్ని ఒంటెల మీద పోతోందో లెక్కపెట్టబోయి లెక్క తప్పాడట. ఒంటె అలిసిపోతే మోతను దారి పక్కన పడేసి వెళ్లిపోయేవారు. కాపలా ఉండదు. ఎందరు దాటిపోతున్నా ఎవరూ ముట్టరు. సొంతదారు మళ్లీ వచ్చి తీసుకునేదాకా అది అక్కడే ఉంటుంది. రేనాల్డ్ మనుషులు నెత్తురు పారించి అప్పటికి నెలలే. అదే దారిలో మలబారు మిరియాల బస్తాలు ఒంటరిగా, భద్రంగా పడి ఉన్నాయి.

మా వీధి చివర ఒక టైలరు ఉండేవాడు. హజ్‌కు బయల్దేరే ముందు ఇంటింటికీ వచ్చాడు. బట్ట పాడుచేసి ఉంటే, మాట జారి ఉంటే, బాకీ మరిచి ఉంటే క్షమించమని అడిగాడు. మా నాయనమ్మ గుమ్మం దిగి వచ్చి ఆయన చేతులు పట్టుకుంది. తన పేరు మీద కూడా అక్కడ ఒక ప్రార్థన చేయమంది. తిరిగొచ్చాక ఖర్జూరాలు, చిన్న సీసాలో జమ్‌జమ్ నీళ్లు తెచ్చిచ్చాడు. అప్పులు తీర్చుకొని, అందరి క్షమాపణా పొంది బయల్దేరిన మనిషి హాజీ. జెద్దా ఓడలో ఉన్నవాళ్లు అలాంటివాళ్లు. కోట గోడ మీది ఏ వ్యూహమూ వాళ్ల ముఖాల్ని నాకు మరిపించలేదు.

ఇదే కోటలో ఒక పెళ్లి కూడా జరిగింది. 1183 నవంబరు. స్టెఫనీ కొడుకు హంఫ్రీకి, జెరూసలేం రాజు చెల్లెలు ఇసబెల్లాకు. పెళ్లికూతురికి పదకొండేళ్లు. ఆటగాళ్లు, పాటగాళ్లు, చుట్టాలు దిగాక సలాదీన్ వచ్చి ముట్టడించాడు. కందకం అవతల నుంచి రాళ్లు విసిరే యంత్రాలు, ఇవతల పెళ్లి పాటలు. ఊరిజనమంతా పశువులతో సహా కోటలోకి ఇరుక్కున్నారు. స్టెఫనీ పెళ్లి విందులోంచి కొన్ని వంటకాలు సలాదీన్‌కు పంపిందని, కొత్త దంపతులు ఏ బురుజులో ఉన్నారో అడిగి తెలుసుకొని దాని మీద రాళ్లు వేయొద్దని అతను ఆజ్ఞాపించాడని ఒక ఫ్రెంచి వృత్తాంతం చెబుతుంది. డ్రైవరు ఈ కథను తన సొంత మేనత్త పెళ్లి కథలా చెప్పాడు. ఏ బురుజో కూడా చూపించాడు. అది మమ్లూకులు కట్టినదని నాకు తెలుసు. అయినా ఆయన చెప్పినదాన్ని కాదనాలనిపించలేదు. ఆ రాళ్ల మధ్య ఒక అమ్మ పంపిన పళ్లేన్ని ఈ ఊరు ఎనిమిది వందల ఏళ్లు గుర్తుపెట్టుకుంది.

కోటలోవాళ్లను కాపాడింది జెరూసలేం రాజు నాలుగో బాల్డ్విన్. కుష్ఠు ముదిరి, చూపు పోయి, పల్లకీలో పడుకొని సైన్యంతో వచ్చాడు. సాయం వస్తోందని తెలియడానికి జెరూసలేంలో దావీదు గోపురం మీద మంట వేయించాడు. అప్పటికి అతని వయసు 22. డిసెంబరు 4న సలాదీన్ గుడారాలు ఎత్తేశాడు. పడమటి గోడ దగ్గర నేను ఎక్కువసేపు వెతికింది ఆ మంట వెలుగు ఏ దిక్కున కనబడి ఉంటుందా అని.

రేనాల్డ్ ఖైదీల తలలకు చెక్కపెట్టెలు తగిలించి, కింద పడేదాకా స్పృహ పోకుండా, ఈ గోడ మీంచి తోయించేవాడని సందర్శకులకు చెబుతుంటారు. ఆ కాలపు రాతల్లో నేను చదివినంతలో ఇది లేదు. అవసరమూ లేదు. ఉన్నవే చాలు.

మధ్యాహ్నం ఊళ్లో మన్సఫ్ తిన్నాం. ఈ వంటకు కావలసిన జమీద్‌కు కరక్ పెట్టింది పేరు. గొర్రెపాల పెరుగును ఉప్పేసి, పిండి, రాయిలా గట్టిపడేదాకా ఎండబెట్టిన తెల్లటి ఉండలు అవి. వాటిని నానబెట్టి కరిగించి, ఆ పుల్లటి మజ్జిగలో పొట్టేలు మాంసం ఉడికించి, అన్నం మీద పోస్తారు. మొదటి ముద్దకే ఇంటి మజ్జిగ పులుసు గుర్తొచ్చింది. డ్రైవరు కుడిచేత్తో ముద్ద చేసి తినడం చూసి నేనూ చెంచా పక్కన పెట్టాను. హోటలాయన సంతోషపడి ఇంకో గరిటె పులుసు పోశాడు. ఈ ఊళ్లో ముస్లింలూ క్రైస్తవులూ ఇరుగుపొరుగుగా శతాబ్దాల నుంచి ఉన్నారు. ఎవరి ఇంట్లో పండగైనా, చావైనా ఈ వంటే ముందు పెడతామని ఆయన అన్నాడు.

తిరిగి కారు ఎక్కాక ఊరి కూడలిలో గుర్రం మీద సలాదీన్ విగ్రహం చూశాం. గుడారం కథ మిగతాది ఆ నీడలోనే చెప్పుకున్నాం. 1185లో జెరూసలేం పెద్దలు సలాదీన్‌తో నాలుగేళ్ల సంధి చేసుకున్నారు. రెండేళ్లు నిండకముందే రేనాల్డ్ కైరో నుంచి దమాస్కస్ పోతున్న పెద్ద బిడారును ఈ రోడ్డు మీదే పట్టుకొని, మనుషుల్ని కరక్‌లో బంధించాడు. అందులో సలాదీన్ చెల్లెలు ఉందన్నది తరువాతి కల్పన. ఆమె వేరే బిడారులో క్షేమంగా వెళ్లింది. కొత్త రాజు గీ ఆఫ్ లుసిన్యాన్ సరుకు తిరిగిచ్చేయమన్నాడు. నీ నేలకు నువ్వెలా దొరవో నా నేలకు నేనలాగే దొరను, సంధి నాది కాదు అన్నది రేనాల్డ్ జవాబు. తన చేతుల్తో చంపుతానని సలాదీన్ ప్రమాణం చేసింది ఇలాంటి సందర్భాల్లోనే. 1187 జులై 4న హత్తీన్‌లో, నీళ్లు లేక నాలుకలు పిడచకట్టిన క్రైస్తవ సేన కూలిపోయింది. గుడారంలో సలాదీన్ ఇచ్చిన మంచు పానీయం తాగి, గీ ఆ పాత్రను పక్కనున్న రేనాల్డ్‌కు అందించాడు. అతనికి ఇచ్చింది నువ్వే గానీ నేను కాదని సలాదీన్ అన్నాడు. చేతిమీదుగా నీళ్లు పుచ్చుకున్న బందీని చంపకూడదన్నది అరబ్బుల మర్యాద. ఆ పైన రేనాల్డ్ తప్పులు ఎత్తి చూపి కత్తి దూశాడు. రెండు రోజులకు బందీలైన టెంప్లర్లు, హాస్పిటలర్లు అనే సన్యాసి యోధులను కూడా వరసగా చంపించాడు. సలాదీన్ కథ చెప్పేవాళ్లు ఈ సంగతి దాచకూడదు. దాచకుండానే ఆయన్ని గౌరవించవచ్చు.

యూరపులో ఈ వార్త వినగానే బ్లోయీ పీటర్ అనే మతపండితుడు రేనాల్డ్‌ను హతసాక్షిగా కీర్తిస్తూ పుస్తకం రాశాడు. హతసాక్షి అన్న మాట మా ఇంట్లో స్తెఫనుకు వాడేవారు, రాళ్ల దెబ్బలు తింటూ కొట్టినవాళ్ల కోసం ప్రార్థించినవాడికి. అదే మాటను ఐమెరీ తలకు తేనె పూయించినవాడికి ఇవ్వడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

రేనాల్డ్ పోయాక ఏడాదికి పైగా ఈ కోట లొంగలేదు. స్టెఫనీ సలాదీన్ దగ్గరికి వెళ్లి, హత్తీన్‌లో పట్టుబడ్డ కొడుకును విడిస్తే కరక్, షోబక్ ఇప్పిస్తానంది. కొడుకును పంపాడు. కోటల్లోని సిపాయిలు తలుపులు తీయలేదు. అన్నమాట చెల్లించలేకపోయానని ఆమె కొడుకును తిరిగి చెరకు పంపింది. కొన్ని నెలల తరువాత సలాదీన్ తానే అతన్ని విడిచిపెట్టాడు. ఈ కోట కథలో నాకు తలవంచాలనిపించిన చోటు ఇది. లోపల తిండి అయిపోయింది. రొట్టె కోసం సిపాయిలు పెళ్లాం పిల్లల్ని బయటివాళ్లకు అమ్ముకున్నారని, 1188 చివర కోట లొంగినప్పుడు సలాదీన్ ఆ కుటుంబాలను కొని తిరిగి అప్పగించాడని ఆ కాలపు ఫ్రెంచి వృత్తాంతం అంటుంది. ఆ అమ్మల పేర్లు ఏ గ్రంథమూ రాయలేదు.

వెనక్కి రాజమార్గం మీదుగా పోకుండా తూర్పుకు, ఎడారి హైవే వైపు తిప్పమన్నాను. గంట లోపే ఖత్రానా వచ్చింది. ఒట్టోమన్లు 16వ శతాబ్దంలో హాజీల కోసం కట్టిన చిన్న చదరపు కోట, పక్కన వాననీళ్లు పట్టే పెద్ద రాతి చెరువు. ఈ కోట కట్టిందే బాటసారికీ అతని నీళ్లకీ కాపలా ఉండటానికి. ఎదురుగా రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర మక్కాకు ఉమ్రా యాత్ర పోతున్న బస్సు ఆగి ఉంది. కర్ర పట్టుకొని దిగిన ఒక పెద్దాయన, తోడుగా కోడలు కాబోలు, చిన్న పిల్లవాడు. నన్ను చూసి ఎక్కణ్ణుంచి అని అడిగితే డ్రైవరు చెప్పాడు. హింద్ నుంచి, యెరూషలేము చూసి వస్తున్నారని. పెద్దాయన జేబులోంచి రెండు ఖర్జూరాలు తీసి నా చేతిలో పెట్టాడు. నా కోసం అక్కడ ఏం అడగమంటావని అడిగాడు. మా నాయనమ్మ పేరు చెప్పాను.

కోడలు రెండు పెద్ద సీసాల నిండా నీళ్లు పట్టుకుంది. టీలకు డబ్బు ఇచ్చి, నీళ్లకు ఎంత అంది. కొట్టాయన టీ డబ్బులు లెక్కపెట్టుకొని చిల్లర ఇచ్చాడు. నీళ్ల సంగతి వినబడనట్టు గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఆమె మళ్లీ అడిగింది. ఆయన తల ఎత్తకుండానే తడిచెయ్యి ఊపి, బస్సు కదులుతోంది, పిల్లవాణ్ణి ఎక్కించుకోమన్నాడు.